విలోమ ప్రమేయం ఎవరికి బాగా వచ్చినట్టు?

ప్రశ్న: మా అమ్మాయి ఇక్కడ ఇంటర్ ఫస్టియర్ ఎంపీసీ. అమెరికాలో మా అక్క కొడుకు హైస్కూల్. ఇద్దరికీ విలోమ ప్రమేయం (ఇన్వర్స్ ఫంక్షన్: ఒక సంఖ్యను ఇంకో సంఖ్యగా మార్చే ప్రమేయాన్ని వెనక్కి నడిపేది) పాఠం అయింది. వాడు ఎక్స్, వై తారుమారు చేసి రెండు లైన్లలో తేల్చేస్తాడు. మా అమ్మాయి పేజీ రాస్తుంది. ఎవరికి బాగా వచ్చినట్టు?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: లైన్లను బట్టి తేలదండీ. తెలుగు అకాడమీ ఇంటర్ గణిత పుస్తకంలో ప్రమేయం అన్వేకం (వేర్వేరు సంఖ్యలకు వేర్వేరు జవాబులు), సంగ్రస్తం (జవాబుల సమితిలో ఏదీ మిగిలిపోదు) అని నిరూపించి, ద్విగుణమని, అంటే ఆ రెండూ అని తేలాకే విలోమం. మీ అమ్మాయి పేజీలో సగం ఆ నిరూపణే అయి ఉంటుంది. అమెరికాలో చాలా రాష్ట్రాలు తీసుకున్న కామన్ కోర్ (2010) అనే ఉమ్మడి పాఠ్య ప్రమాణాలు సమీకరణం సాధించి విలోమం రాయడం వరకే అందరికీ పెట్టాయి. పట్టిక, గ్రాఫ్ నుంచి విలోమం విలువ చదవడం, ప్రదేశాన్ని (ప్రమేయంలోకి ఇచ్చే సంఖ్యల సమితిని) కుదించడం పైస్థాయి గణితానికి వెళ్లేవాళ్లకు.

అందుకని తారుమారుతో బయటపడలేని ప్రశ్నలు ఇద్దరికీ ఇవ్వండి. పట్టికలో 4కు 7, 7కు 10 అని రాసి, 7 దగ్గర విలోమం విలువ అడగండి. జవాబు 4. పదో వంతు అన్నారంటే విలోమం గుర్తు f⁻¹లో నెత్తిన ఉన్న −1ను ఘాతాంకం అనుకుని, 7కు వచ్చే 10కి వ్యుత్క్రమం (1/10) తీశారు. ఈ పొరపాటు చాలా మొండిది, గుర్తు అలాంటిది మరి. 10 అన్నారంటే అసలు వెనక్కి నడవలేదు.

తర్వాత సెల్సియస్‌ను ఫారెన్‌హీట్ చేసే సూత్రం: 9/5తో గుణించి 32 కలపాలి. 104 ఫారెన్‌హీట్‌కు సెల్సియస్ ఎంత? ముందు 32 తీసేసి 5/9తో గుణిస్తే 40. ముందే గుణించి తర్వాత 32 తీసేస్తే 25.8 వస్తుంది, చివర చేసిన పనిని ముందు విప్పాలన్నది పట్టుబడలేదన్నమాట. ఇక్కడ అక్షరాలు మార్చుకుంటే ఏది ఏ డిగ్రీయో కలగాపులగం అవుతుంది.

ఆఖరున, అన్ని వాస్తవ సంఖ్యలపై వర్గం చేసే ప్రమేయానికి విలోమం ఉందా? వర్గమూలం అని ఆగిపోతే, 3కూ −3కూ 9 వస్తుంది కదా, 9 నుంచి ఎటు వెళ్లాలి అని అడగండి. ప్రదేశం, సహప్రదేశం (జవాబులు ఉండే సమితి) రెండింటినీ రుణం కాని సంఖ్యలకు కుదించాలని చెప్పగలిగినవాళ్లకు పాఠం వచ్చినట్టే.

ప్రశ్న: అంతర్జాతీయ పరీక్షల మార్కులతో దేశాలను పోల్చవచ్చా?
– గణిత లెక్చరర్, కరీంనగర్

జవాబు: పైన చెప్పిన విలోమ ప్రమేయం పాఠానికి కుదరదు. పీసా అనే అంతర్జాతీయ పరీక్ష 15 ఏళ్ల పిల్లలకు, నిత్యజీవిత గణితానికి. హైస్కూల్ చివరి ఏడాదివాళ్లకు పెట్టిన టిమ్స్ అడ్వాన్స్‌డ్ అనే ఇంకో అంతర్జాతీయ పరీక్షలో 2015లో 9 దేశాలే ఉన్నాయి, భారత్ లేదు. దాని సగటు స్కోరులో బీజగణితం, కలనం (కాలిక్యులస్), జ్యామితి కలిసిపోతాయి. ఒక్కో ప్రశ్నకు పిల్లలు రాసిన తప్పు జవాబులను పక్కపక్కన పెట్టి చూడటమే మేలు.