చదివింపులు నమ్ముకుని మాల్దీవులకు లోన్ తీయొద్దు

ప్రశ్న: బెంగళూరు బెళ్లందూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. నెలకు చేతికి 92,000 వస్తుంది. ఫిబ్రవరిలో పెళ్లి. కాబోయే భార్య జీతం 65,000. హనీమూన్‌కి మాల్దీవుల్లో వాటర్ విల్లా నాలుగు రాత్రులకు 2,60,000 అని ఏజెంట్ చెప్పాడు. ఎఫ్‌డీలో 3 లక్షలున్నాయి. అది తీసేయాలా, పర్సనల్ లోన్ తీసుకుని చదివింపుల డబ్బుతో తీర్చేయాలా?

జవాబు: రెండూ వద్దు. ముందు ఆ కొటేషన్ తెరిచి ధర పక్కన రెండు ప్లస్ గుర్తులున్నాయేమో చూడండి. ఉంటే పన్నులు అందులో కలపలేదన్నమాట. అక్కడ 10 శాతం సర్వీస్ ఛార్జ్ వేసి, ఆ మొత్తం మీద 17 శాతం టూరిజం జీఎస్‌టీ వేస్తారు. మీ 2,60,000 కాస్తా 3,34,000 దాటుతుంది. రిసార్ట్‌లో మనిషికి రోజుకు 12 డాలర్ల గ్రీన్ ట్యాక్స్ (పర్యావరణ పన్ను) వేరే. రిసార్ట్ దూరంగా ఉంటే సీప్లేన్‌కి (నీళ్ల మీద దిగే చిన్న విమానం) రానుపోను ఒక్కొక్కరికి నాలుగైదు వందల డాలర్లు అవుతుంది. పైగా సీప్లేన్ చీకటి పడ్డాక ఎగరదు. మీ విమానం సాయంత్రం దిగితే ఆ రాత్రి రాజధాని మాలేలోనే గది తీసుకోవాలి. భోజనాలు, టికెట్లు కలిపితే ఐదు లక్షల దగ్గర తేలుతుంది.

ఇందులో 4 లక్షలు 14 శాతం వడ్డీకి మూడేళ్ల లోన్ తీసుకుంటే ఈఎమ్‌ఐ దాదాపు 13,700. వడ్డీయే 92,000 పైన, అంటే మీ ఒక నెల జీతం. ఏజెంట్ నో కాస్ట్ ఈఎమ్‌ఐ (వడ్డీ లేని వాయిదాలు) ఉందంటే ప్రాసెసింగ్ ఫీజు ఎంతో, వడ్డీ మీద జీఎస్‌టీ ఎవరు కడతారో అడగండి.

చదివింపుల సంగతి. పెళ్లికి వచ్చే కానుకల మీద ఆదాయపు పన్ను లేదు, నిజమే. కానీ ఆ డబ్బు చాలా ఇళ్లలో నాన్నగారి నోట్‌బుక్‌లోకెక్కి, ఇచ్చినవాళ్ల పిల్లల పెళ్లిళ్లకు తిరిగి వెళ్తుంది. పైగా పెళ్లి ఖర్చుల్లో అప్పటికే కలిసిపోయి ఉంటుంది. దాన్ని నమ్ముకుని అప్పు చేయకండి.

ఎఫ్‌డీకి ఇంకో పని ఉంది. పెళ్లయ్యాక పీజీ వదిలి ఇల్లు చూస్తారు కదా. అద్దె 35,000 అనుకున్నా, ఓనర్ ఐదు నెలల అడ్వాన్స్ అడిగితే 1,75,000 అక్కడికే పోతుంది. ఫ్రిజ్, వాషింగ్ మెషీన్, మంచం మిగిలినదాన్ని చూసుకుంటాయి.

నా సలహా, ఫిబ్రవరిలో అండమాన్ వెళ్లండి. అప్పుడక్కడ వాతావరణం బాగుంటుంది. అక్కడి హేవ్‌లాక్ దీవిలో నాలుగు రోజులుండండి, రాధానగర్ బీచ్ చూడండి. ఖర్చంతా రూపాయల్లోనే. అదీ మీ ఇద్దరి రెండు మూడు నెలల పొదుపులోంచి పెట్టండి. మాల్దీవులే కావాలని ఆమె మనసు పడితే (అడిగారా అసలు?) పెళ్లయిన నెల నుంచి ఇద్దరూ కలిసి నెలకు 25,000 ఆర్‌డీ (నెలనెలా కట్టే బ్యాంకు డిపాజిట్) కట్టండి, ఏడాది తిరిగేసరికి 3 లక్షలవుతుంది. అప్పుడు కూడా అన్ని రాత్రులూ రిసార్ట్‌లో అక్కర్లేదు. మాఫూషీ లాంటి స్థానికులుండే దీవిలో గెస్ట్‌హౌస్ తీసుకుని, ఒక రోజు రిసార్ట్‌కి డే పాస్ మీద వెళ్లి రావచ్చు. మాలే నుంచి స్పీడ్‌బోట్‌లో గంటలోపే. చిన్న గెస్ట్‌హౌస్‌లకు గ్రీన్ ట్యాక్స్ సగమే. ఆ దీవుల్లో మద్యం మాత్రం దొరకదు.

ప్యాకేజీ ఇక్కడి ఏజెంట్ దగ్గర కొంటే టీసీఎస్ (అమ్మేవాడు ముందే వసూలు చేసే ఆదాయపు పన్ను) పట్టుకుంటాడు. అది మీ పాన్ మీద జమవుతుంది. రిటర్న్‌లో చూపించుకోవచ్చు, లేదా ఆఫీసులో చెప్పి జీతం టీడీఎస్‌లో సర్దించుకోవచ్చు. టికెట్లు ఆమె పాస్‌పోర్ట్‌లో ఉన్న ఇంటిపేరుతోనే తీయండి, శుభలేఖ చూసి కాదు.