నెల రోజుల క్యాంపుతో చైనీస్ వచ్చేస్తుందా?

ప్రశ్న: మా అమ్మాయి ఇప్పుడే పదో తరగతి పరీక్షలు రాసింది. అమెరికాలో ఉంటున్న మా అన్నయ్య కూతురు పోయిన వేసవిలో నాలుగు వారాల చైనీస్ క్యాంపుకి వెళ్లొచ్చింది. అక్కడే ఉండాలి, అక్కడే తినాలి, రోజంతా చైనీస్‌లోనే మాట్లాడాలట. వీడియో కాల్‌లో అది విన్నప్పటి నుంచి మా అమ్మాయి తనూ వెళ్తానని పట్టుబట్టింది. మావారేమో చైనీస్ నేర్చుకుని ఏం చేస్తుంది, ఆ డబ్బు ఎంసెట్ కోచింగ్‌కి కడదాం అంటున్నారు. పంపమంటారా?
– ఒక తల్లి, కూకట్‌పల్లి

జవాబు: ఈ ఏడాది వద్దమ్మా. చైనీస్ పనికిరాదని కాదు, తేదీలు కుదరవు. అక్కడి క్యాంపులు వాళ్ల బడులకు సెలవులిచ్చాక, ఎక్కువగా జూన్ రెండో సగం నుంచి ఆగస్టు దాకా నడుస్తాయి. మన ఇంటర్ కాలేజీలు జూన్ మొదట్లోనే తెరుస్తారు. ఫస్టియర్‌లో మొదటి నెల పాఠాలు పోతే ఆ టెన్షన్ ఏడాదంతా ఉంటుంది. పైగా అమెరికా ప్రభుత్వం ఖర్చు భరించి భాష నేర్చుకోవడానికి పిల్లల్ని విదేశాలకు పంపే ఎన్‌ఎస్‌ఎల్‌ఐ-వై లాంటి పథకాలు ఆ దేశ పౌరులకే, మన పాస్‌పోర్ట్ మీద రావు. డబ్బు కట్టి చేరే క్యాంపు అయినా, హైస్కూల్ చదువులో లెక్కకు వచ్చే క్రెడిట్ ఇచ్చే కోర్సు అయితే మామూలు విజిటర్ వీసా సరిపోదు, ముందే కనుక్కోవాలి.

అలాగని మీ అమ్మాయి ఆశపడటంలో తప్పేమీ లేదు. మినసోటాలో కాంకార్డియా లాంగ్వేజ్ విలేజెస్ అని 1961లో మొదలైన సంస్థ ఉంది. వాళ్ల చైనీస్ గ్రామం పేరు సెన్ లిన్ హు, అంటే అడవి చెరువు. వెళ్లిన పిల్లలకు అక్కడ చైనీస్ పేరు ఉంటుంది, ఫోన్ చేతిలో ఉండదు. అన్నం ఇంకాస్త పెట్టమనాలన్నా చైనీసే, దుప్పటి కావాలన్నా చైనీసే. క్లాసులో మాస్టారు అడిగితే ఆలోచించుకుని చెప్పడం వేరు, నిద్రమత్తులో టిఫిన్ లైన్‌లో నిలబడి నోరు తెరిచి అడగడం వేరు. ఆ రెండోది హైదరాబాద్‌లో వారానికి రెండు క్లాసులకు పోయి వస్తే రాదు. రెసిడెన్షియల్‌కి అంత డబ్బు తీసుకునేది అందుకే.

కానీ లెక్క కూడా చూడండి. అమెరికా విదేశాంగ శాఖ తన ఉద్యోగులకు చైనీస్ బాగా రావడానికి 2200 గంటల క్లాసులు కావాలని అంచనా వేసుకుంటుంది. క్యాంపులో రోజుకి 5 గంటల చొప్పున వారానికి 6 రోజులు చెప్పినా నాలుగు వారాలకు 120 గంటలే. ఇంటికొచ్చాక పుస్తకం మూస్తే దసరా నాటికి ‘నీ హావ్’ (నమస్తే) తప్ప ఏమీ మిగలదు. కాబట్టి క్యాంపు ఎంత మంచిదన్న దానికంటే, వచ్చాక ఎవరితో మాట్లాడుతుంది అన్నది నాకు పెద్ద ప్రశ్న.

మీ ఇంట్లో దానికి జవాబు ఉంది. మీ మేనకోడలు! ఇద్దరూ ఎలాగూ వీడియో కాల్ చేసుకుంటారు కదా, రోజూ అరగంట చైనీస్‌లో మాట్లాడుకోమనండి. ఆ అమ్మాయికీ నేర్చుకున్నది పోకుండా ఉంటుంది. ఈ ఏప్రిల్, మే నెలల్లో ఇక్కడే ఒక టీచర్‌ని చూసి మొదలుపెట్టించండి. తార్నాకలో ఇఫ్లూ (ఇంగ్లిష్, విదేశీ భాషల యూనివర్సిటీ) ఉంది, అక్కడ చైనీస్ చదివినవాళ్లు ట్యూషన్ చెప్తారేమో అడిగి చూడండి. మన భాష వల్ల ఆమెకు కొన్ని సులువు కూడా. ‘నీ హావ్’ చివర ‘మా’ చేరిస్తే బాగున్నావా అని ప్రశ్న అయిపోతుంది, మనం మాట చివర ‘ఆ’ చేర్చినట్టే. అక్క, చెల్లి, అన్న, తమ్ముడు అని వాళ్లకీ వేర్వేరు మాటలున్నాయి.

రెండేళ్ల తర్వాత ఇంటర్, ఎంసెట్ రెండూ అయ్యి, ఇంజినీరింగ్ క్లాసులు మొదలవకముందు ఖాళీ దొరుకుతుంది. అప్పటికీ ఆమె ఆ అరగంట మానకపోతే నిస్సందేహంగా పంపండి, వయసు పరిమితి మాత్రం చూసుకోండి. మీవారికి నా మాటగా చెప్పండి, హైదరాబాద్ మందుల కంపెనీలకు ముడిసరుకు చాలావరకు చైనా నుంచే వస్తుంది, వాళ్లతో వాళ్ల భాషలో మాట్లాడగలిగినవాళ్లు మన దగ్గర బాగా తక్కువ.

డబ్బు కట్టేముందు ఒక్క ప్రశ్న తప్పకుండా అడగండి: రాత్రి గదుల్లో పిల్లలతో ఎవరుంటారు, ఏ భాషలో మాట్లాడతారు? మా అబ్బాయిని ఒకసారి ఇలాంటి ఫ్రెంచ్ క్యాంపుకి పంపాను. సాయంత్రం ఆరింటికి టీచర్లు వెళ్లిపోయేవారు, ఆ తర్వాత గదిలో తెలుగు, హిందీ, క్రికెట్. నేను కట్టింది హాస్టల్ ఫీజు అని వాడు తిరిగొచ్చాక అర్థమై చాలా బాధపడ్డాను. ఆ ప్రశ్న ముందే అడిగి ఉంటే పంపేదాన్ని కాదు.

ప్రశ్న: యాప్‌లో చైనీస్ నేర్చుకుంటున్నాను. నాకు పాట రాదు, రాగం అసలే రాదు. టోన్లు (గొంతు ఎత్తుదింపులు) వస్తాయా?
– ఇంటర్ విద్యార్థి, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: వస్తాయి బాబూ, టోన్‌కి సంగీతంతో పనిలేదు. ఆశ్చర్యంగా ‘ఆ?’ అని, ఒప్పుకుంటూ ‘ఆ’ అని నువ్వు రోజూ గొంతు మారుస్తూనే ఉన్నావు. మనకి దాంతో భావం మారుతుంది, వాళ్లకి మాటే మారుతుంది, అంతే తేడా. మా అని గొంతు పైన సమంగా పలికితే అమ్మ, కిందికి దింపి లేపితే గుర్రం, గట్టిగా కిందికి విసిరితే తిట్టడం. విడివిడిగా కాకుండా రెండేసి మాటలు కలిపి పలుకు, ఎందుకంటే పక్కపక్కన ఉన్నప్పుడు కొన్ని మారతాయి, ‘నీ హావ్’లో ‘నీ’ కూడా అలాగే మూడో టోన్ (దింపి లేపేది) నుంచి రెండోదానికి (పైకి లేపేది) మారుతుంది. ఇంకో మాట, ఇంగ్లిష్ అక్షరాల్లో రాసిన చైనీస్‌ని ఇంగ్లిష్‌లా చదవకు. జీ (g) అని ఉన్నచోట మన క, కే (k) అని ఉన్నచోట మన ఖ. డీ (d) ఉంటే త, టీ (t) ఉంటే థ. వత్తులు సరిగ్గా పలికేవాడివైతే ఇందులో సగం నీకు వచ్చేసినట్టే. ఫోన్‌లో రికార్డ్ చేసుకుని యాప్‌లో గొంతు పక్కన పెట్టి విను, వారంలో తేడా నీకే వినిపిస్తుంది.