త్రెషోల్డ్ పెంచే ముందు

చి. సౌమ్యకు ఆశీస్సులు.

అమీర్‌పేట మెట్రో కింద మీ కారులోని రాడార్ అక్కడ లేని బండ్లను ఉన్నట్టు చూపిస్తోందనీ, త్రెషోల్డ్ (ఎంత బలమున్న సిగ్నల్‌ను లెక్కలోకి తీసుకోవాలనే హద్దు) పెంచేద్దామని టీములో అంటున్నారనీ రాశావు. తొందరపడొద్దమ్మా. త్రెషోల్డ్ పెంచితే ముందుగా మాయమయ్యేది పిల్లర్ పక్కన రోడ్డు దాటడానికి నిలబడ్డ మనిషి. కారు రాడార్లు వాడే 77 గిగాహెర్ట్జ్ దగ్గర మనిషి నుంచి తిరిగొచ్చే సిగ్నల్ కారుతో పోలిస్తే చాలా బలహీనం. ఇనుప రెయిలింగుకు తగిలి వచ్చిన కారు ఘోస్టు, అంటే లేనిచోట కనబడే దొంగ బొమ్మ, చాలాసార్లు దానికంటే గట్టిగా కనబడుతుంది.

ఘోస్టు ఎక్కణ్నుంచి వస్తోందో ముందు కాగితం మీద గీసి చూడు. ముందున్న కారు నేరుగా 20 మీటర్లు, రెయిలింగు మీదుగా 24 మీటర్లు అనుకో. రానూపోనూ రెయిలింగు మీదుగా తిరిగిన సిగ్నల్ 24 దగ్గర, రెయిలింగుకు అవతల పడుతుంది. అక్కడ రోడ్డే ఉండదు కనుక దాన్ని పట్టుకోవడం తేలిక. పేచీ అంతా 22 దగ్గర పడేదానితోనే. రెయిలింగు మీదుగా వెళ్లి నేరుగా తిరిగొస్తే, అసలు కారు దిశలోనే, రెండు మీటర్లు వెనగ్గా ఇంకో బండి ఉన్నట్టు కనిపిస్తుంది. దూరం ఆ రెండు దారుల సగటు. డాప్లర్ వేగమూ (దగ్గరయ్యే, దూరమయ్యే వేగం) సగటే. ఈ లెక్క కుదిరితే అనుమానం గుర్తు పెట్టు, చెరిపెయ్యకు. కొన్ని ఫ్రేములు వెంబడించు. నిజం బండి ఎప్పుడో ఒకప్పుడు తన దారి తాను చూసుకుంటుంది, ఘోస్టు ఆ సగటును వదలదు.

డిటెక్షన్‌కు సెల్ యావరేజింగ్ సీఫార్ వాడుతున్నట్టున్నారు, అంటే దూరాన్ని చిన్న గళ్లుగా (సెల్స్) విడగొట్టి, చుట్టుపక్కల సెల్స్ సగటును బట్టి త్రెషోల్డ్ పెట్టే పద్ధతి. ఖాళీ హైవేకి అది చాలు. సిటీలో పక్క సెల్లో ఆర్టీసీ బస్సు పడిందంటే సగటు ఎగిరిపోయి, మనిషి త్రెషోల్డ్ కింద మునిగిపోతాడు. ఆర్డర్డ్ స్టాటిస్టిక్ రకానికి మారండి. చుట్టుపక్కల సెల్స్‌ను చిన్న నుంచి పెద్దకు పేర్చి, సగటుకు బదులు ముప్పావు వంతు దగ్గరున్న విలువ తీసుకోమని జర్మన్ రాడార్ ఇంజనీరు హెర్మన్ రోలింగ్ 1983లోనే చెప్పాడు. లెక్క కాస్త పెరుగుతుంది, ఇప్పటి చిప్పులకు అదో బరువు కాదు.

ఇదంతా రోడ్డెక్కే ముందు మీ టెస్ట్ ట్రాక్‌లో, రెయిలింగు పక్కన చూడండి. కార్నర్ రిఫ్లెక్టర్ పెట్టొద్దు. అది వచ్చిన దారినే సిగ్నల్‌ను వెనక్కి పంపుతుంది, 22 దగ్గరి ఘోస్టు దానితో సరిగా బయటపడదు. ఖాళీ ఇనుప డ్రమ్ము నిలబెట్టి, టేపుతో దూరం కొలిచి రాసుకో. వచ్చిన రాడార్ గ్రాఫులు నాకు పంపు, కూర్చుని చూద్దాం.

మీ బాబాయి