హార్మోనియం పక్కనుంచి: ల్యారీ కెర్ట్ ఏమయ్యాడు?

(పద్యనాటకాలకు హార్మోనియం వాయించిన నెల్లూరు మాస్టారు, పాటల గురించి, నాటకాల గురించి పాఠకుల ప్రశ్నలకు ఇస్తున్న జవాబులు.)

మాస్టారూ, మా అబ్బాయి అమెరికా నుంచి వచ్చినప్పుడు 'వెస్ట్ సైడ్ స్టోరీ' నాటకం రికార్డు వినిపించాడు. 1957 నాటిదట. హీరో టోనీగా పాడిన ల్యారీ కెర్ట్ గొంతు నాకు బాగా నచ్చింది. తర్వాత సినిమా చూస్తే అందులో ఆయన లేడు, గొంతూ ఆయనది కాదు. ఏమయ్యాడు? ఎయిడ్స్‌తో పోయాడని మా వాడు గొంతు తగ్గించి చెప్పాడు. – ఒక పాఠకురాలు, కావలి

అమ్మా, ఆ రికార్డు క్యాసెట్టు రూపంలో నా దగ్గర కూడా ఉంది. ఇంగ్లీషు పాటల్లో సగం మాటలు నాకు అందవు. కానీ గాయకుడు ఊపిరి ఎక్కడ తీస్తున్నాడో, ఎక్కడ దాచుకుంటున్నాడో తెలుస్తుంది. హార్మోనిస్టుకి అది చాలు.

కెర్ట్ 1930లో లాస్ ఏంజెలెస్‌లో పుట్టాడు. అక్క అనితా ఎల్లిస్ కూడా గాయనే. 1946లో వచ్చిన 'గిల్డా' సినిమాలో రీటా హేవర్త్ పెదవులు కదిపితే వినిపించేది ఈ అక్క గొంతే. ఒకే ఇంట్లో అక్కకి అన్నం పెట్టిన ప్లేబ్యాకే తమ్ముడి నోటిదగ్గర ముద్ద లాక్కుంది. ఎలాగో చెప్తాను.

'వెస్ట్ సైడ్ స్టోరీ' 1957 సెప్టెంబరు 26న న్యూయార్కులోని వింటర్ గార్డెన్ థియేటర్‌లో మొదలైంది. రోమియో జూలియట్ కథనే న్యూయార్కు వీధి ముఠాల మధ్యకి తెచ్చారు. సంగీతం లెనార్డ్ బెర్న్‌స్టైన్, పాటలు స్టీఫెన్ సాండ్‌హైమ్, నృత్యాలూ దర్శకత్వమూ జెరోమ్ రాబిన్స్. మొదటి విడతలోనే 732 ప్రదర్శనలు. రిహార్సల్స్ జరుగుతున్నప్పుడు టోనీ పాత్రకి బలం చాల్లేదనిపించి 'సంథింగ్స్ కమింగ్' అనే పాట రాసి చేర్చారు. మీరు ఆ పాట ఒక్కటే మళ్ళీ వినండి. ఏదో మంచి జరగబోతోందని కారణం లేకుండా ఉబ్బిపోయే కుర్రాడి పాట. మాట మీద మాట తోసుకొస్తుంది, తాళం పక్కనుంచి పరిగెత్తుతుంది, అయినా ఎక్కడా ఆయాసం వినపడదు. చెంపకి అంటించుకునే మైకులు అప్పట్లో లేవు. రోజూ చివరి వరసదాకా వినపడేట్టు పాడాలి, మధ్యలో నాట్యం చెయ్యాలి, చివర్లో చావాలి.

1961లో సినిమా తీసేనాటికి కెర్ట్‌కి ముప్ఫై. కుర్రాడి వేషానికి వయసు ముదిరిందన్నారు. రిచర్డ్ బేమర్‌ని తీసుకున్నారు. బేమర్‌కి పాట రాదు కనుక జిమ్మీ బ్రయంట్ చేత పాడించారు. అంటే మొహం ఒకరిది, గొంతు ఒకరిది. రెండూ ఉన్న మనిషి ఇంట్లో కూర్చున్నాడు. ఆ సినిమాకి పది ఆస్కార్లు వచ్చాయి. సినిమా మంచిదే, కాదనను. టోనీ పాటలొచ్చినప్పుడు మాత్రం నేను కళ్ళు మూసుకుని కెర్ట్‌ని గుర్తు చేసుకుంటాను.

ఆ తర్వాత కాలం కలిసిరాలేదు. 1969లో ఆయన వేసిన 'లా స్ట్రాడా' నాటకం ఒక్క ఆటతో ఆగిపోయింది. 1970లో సాండ్‌హైమ్ 'కంపెనీ' వచ్చింది. ఊళ్ళో స్నేహితులందరికీ పెళ్ళిళ్ళయినా తను మాత్రం ఎవరితోనూ ముడిపడని బాబీ కథ. బాబీగా మొదలుపెట్టిన డీన్ జోన్స్ నెల తిరిగేసరికి తప్పుకుంటే, కెర్ట్ వచ్చి నిలబడ్డాడు. మన రాయబారంలో ఒకటో కృష్ణుడు కొన్ని పద్యాలు పాడి లోపలికెళ్తే రెండో కృష్ణుడు వస్తాడు చూడండి, అలా వచ్చాడు. మన జనం రెండో కృష్ణుడు బాగా పాడితే వన్స్‌మోర్ అంటారు, వరసతో వాళ్ళకి పనిలేదు. అక్కడ నాటకాలకిచ్చే టోనీ అవార్డుల వాళ్ళు మాత్రం (టోనీ వేషానికీ ఈ అవార్డుకీ సంబంధం లేదు) మొదటిరోజు వేషం కట్టినవాళ్ళనే లెక్కలోకి తీసుకుంటారు. కెర్ట్ కోసం ఆ పద్ధతి పక్కనపెట్టి 1971లో ఉత్తమ నటుడి పోటీలో నిలిపారు. అవార్డు హాల్ లిండెన్‌కి వెళ్ళింది.

న్యూయార్కు రికార్డు అప్పటికే డీన్ జోన్స్ గొంతుతో తయారైపోయింది. 'కంపెనీ' లండన్ వెళ్ళినప్పుడు అదే వాద్యబృందం ట్రాకు మీద కెర్ట్ గొంతు ఎక్కించి ఇంకో రికార్డు వేశారు. మీ అబ్బాయిని అది వెతికి పెట్టమనండి. 'బీయింగ్ అలైవ్' అని చివరి పాట. కుర్ర టోనీ గొంతుకి నలభై ఏళ్ళొస్తే ఎలా ఉంటుందో అందులో ఉంది. కొంచెం గరుకు, కొంచెం భయం. నాకు ఇదే ఎక్కువ ఇష్టం.

1986లో ఆయన వేసిన 'రాగ్స్' నాటకం నాలుగు ఆటలకే మూతపడింది. 1991 జూన్ 5న న్యూయార్కులో ఎయిడ్స్‌తో పోయాడు. అరవై ఏళ్ళు. సరిగ్గా పదేళ్ళ కిందట, 1981 జూన్ 5నే, ఈ జబ్బు గురించి అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ మొదటి నివేదిక వచ్చింది. లాస్ ఏంజెలెస్‌లో ఐదుగురు యువకుల గురించి. కెర్ట్ సొంత ఊరే అది. 1987లో వచ్చిన ఏజెడ్‌టీ మందు ఒక్కటే కొంతకాలం నెట్టుకొచ్చేది. ప్రాణాలు నిలబెట్టే కలగలుపు మందులు 1996కి గానీ రాలేదు.

ఆయన గే. జీవితం పంచుకున్నది ఇంకో మగవాడితో. నాటకాల వాళ్ళలో అది తెలియనివాళ్ళు లేరు. మీ అబ్బాయి గొంతు ఎందుకు తగ్గించాడో నాకు తెలుసు, మేమంతా అదే పని చేశాం కనుక. కందుకూరు వైపు ఊళ్ళల్లో చంద్రమతి వేషం కట్టే ఒకతను ఉండేవాడు. కాటిసీనులో అతను పద్యం ఎత్తుకుంటే ముందు వరసలో ఆడవాళ్ళు కొంగు నోట్లో కుక్కుకునేవాళ్ళు. అతనికి జబ్బు చేసింది. నాటక సమాజం వాళ్ళు ముందు టీ గ్లాసు వేరు పెట్టారు, తర్వాత వేషం తీసేశారు. పోయినప్పుడు సంతాపసభలో జ్వరమన్నారు. జబ్బు పేరు రాకూడదని అతని పేరే ఎత్తడం మానేశారు, దాంతో ఆ పద్యాలు ఎవరివో కూడా ఇప్పుడు పిల్లలకి తెలియదు. ఒక్క క్యాసెట్టు లేదు. కెర్ట్‌కి రికార్డు మిగిలింది, ఎలా పోయాడో పుస్తకాల్లో మిగిలింది. రెండూ కలిపి చెప్పుకోవచ్చమ్మా, మామూలు గొంతుతోనే.

అమెరికా నాటకాల్లో ఇలా పోయినవాళ్ళు ఇంకెవరు? – ఒంగోలు పాఠకుడు

చాలామంది. 'ఎ కోరస్ లైన్' దర్శకుడు మైకేల్ బెన్నెట్ 1987లో పోయాడు, 44 ఏళ్ళకి. పిల్లలు చూసే 'బ్యూటీ అండ్ ది బీస్ట్' పాటలు రాసిన హోవర్డ్ ఆష్‌మన్ 1991లో, నలభైకే. సినిమా విడుదల చూసుకోలేదు. నన్ను బాగా కదిలించింది డేవిడ్ క్యారల్ సంగతి. 'గ్రాండ్ హోటల్'లో బ్యారన్ వేషం. 1992 మార్చిలో ఆ నాటకం పాటలు రికార్డు చేస్తుండగా స్టూడియోలోనే ప్రాణం పోయింది. వేషం ఇంకొకరి గొంతుతో పూర్తి చేసి, క్యారల్ అంతకుముందు ఒక కచేరీలో పాడిన ఆ నాటకం పాటని రికార్డు చివర్లో చేర్చారు. మర్యాద అంటే అదీ.

ఇంకొకటి. అక్కడి నటులు ఆట అయ్యాక మేకప్ మొహాలతోనే బకెట్లు పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడి జబ్బుపడ్డ తోటివాళ్ళకి చందాలు వసూలు చేయడం మొదలుపెట్టారు. ఇప్పటికీ చేస్తున్నారు. మన దగ్గర స్టేజీ మీద చదివింపులు చదవడం ఉంది. అవి జేబుదాకా వస్తాయి గానీ ఆస్పత్రిదాకా వెళ్ళడం నేను తక్కువ చూశాను.

గ్రీన్ రూములో అందరం కలిసి ఉంటాం. హెచ్‌ఐవీ ఉన్నవాళ్ళతో వేషం కట్టొచ్చా? – సూళ్ళూరుపేట

కట్టొచ్చు. టీ గ్లాసు, కిరీటం, రంగు, చెమట, కౌగిలింత, వీటితో అంటదు. గడ్డం గీసుకునే బ్లేడు మాత్రం ఎవరిది వాళ్ళు తెచ్చుకోండి, ఇది జబ్బు ఉన్నా లేకపోయినా. మన దేశంలో మొదటి కేసులు 1986లో మన పక్కనున్న మద్రాసులోనే బయటపడ్డాయి. 2004 నుంచి ప్రభుత్వ ఏఆర్‌టీ (హెచ్‌ఐవీ చికిత్స) కేంద్రాల్లో మందులు ఉచితం. రోజూ వేసుకుంటూ, రక్తంలో వైరస్ పరీక్షకి దొరకనంతగా తగ్గితే, శృంగారం ద్వారా కూడా ఇంకొకరికి అంటదు. 2017 హెచ్‌ఐవీ చట్టం ప్రకారం ఆ కారణంతో పనిలోంచి తీసేయడం, ఒకరి జబ్బు సంగతి వాళ్ళ అనుమతి లేకుండా బయటపెట్టడం నేరుగా చట్టవిరుద్ధం. సమాజం సెక్రటరీలు ఈ ముక్క రెండుసార్లు చదువుకోండి.

నాకు ఇరవై రెండేళ్ళు. పద్యాలు పాడతాను. నాకు మగవాళ్ళంటేనే ఇష్టం. నాటక సమాజంలో చేరాలని ఉంది. తెలిస్తే ఏమంటారోనని టెన్షన్. ముందే చెప్పేయాలా? – పేరు వద్దు, ప్రకాశం జిల్లా

నాయనా, చెప్పాల్సిన అవసరం లేదు. దాచాల్సిన నేరమూ కాదు, 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టే తేల్చింది. నీ మీద నమ్మకంగా ఉండే ఒకరిద్దరు దొరికాక, నీకు అనిపిస్తే, వాళ్ళకి చెప్పు. ఇంట్లో చెప్పడం వేరే సంగతి. నీ తిండీ చదువూ వాళ్ళ చేతిలో ఉంటే తొందరపడకు. ఎగతాళి చేసేవాళ్ళుంటారు, ఉండరని అబద్ధం చెప్పను. ఆడవేషం కట్టమని అడుగుతారు, నీకు ఇష్టమైతే కట్టు, లేకపోతే కృష్ణుడే కావాలని గట్టిగా అడుగు. స్త్రీ పాత్రలతో పద్మశ్రీ తెచ్చుకున్న స్థానం నరసింహారావు గారి ఫొటో పెట్టుకుని, పక్కనున్న కుర్రాణ్ణి నడక చూసి నవ్వే సమాజాలున్నాయి మనకి. అలాంటి చోట చేరకు, ఇంకో సమాజం చూసుకో.

ఉత్తరంలో అన్నీ రాశావు గానీ నీ శృతి ఎంతో రాయలేదు. నాలుగా, నాలుగున్నరా? ఏ నాటకం పద్యాలు వచ్చో కూడా రాసి పంపు. శివరాత్రికి ముందే పంపితే మంచిది, తర్వాత ఎవరూ ఖాళీగా దొరకరు.