టోక్యోలో పల్లెటూరా?

ప్రశ్న: మా అబ్బాయి టోక్యోలో ఉద్యోగం చేస్తున్నాడు. మొన్న ఆదివారం హినోహరా అనే ఊరికి పోయి ఫోటోలు పంపినాడు. చూస్తే కొండలు, అడవి, ఏటవాలున నాలుగిళ్లు. ఇదీ టోక్యోనే అంటాడు. నన్ను ఆటపట్టిస్తున్నాడా? రాజధాని పక్కనుండే ఊరు అట్లా బోసిపోతుందా?
– ఒక తల్లి, కర్నూలు

జవాబు: మీవాడు చెప్పింది నిజమే అక్కా. మనం టోక్యో అంటే ఒక ఊరనుకుంటాం. పాలన లెక్కలో అది మన రాష్ట్రం లాంటిది. 23 వార్డుల మహానగరం, సముద్రంలో దీవులు, పడమటి కొసన కొండలు, అన్నీ అందులోవే. ‘మురా’ అంటే గ్రామం. దీవుల్లోవి తీసేస్తే టోక్యోలో మిగిలిన ఒకే ఒక్క మురా ఈ హినోహరా. 105 చదరపు కిలోమీటర్ల నేల, రమారమి 2 వేల మనుషులు. పదింట తొమ్మిది వంతులు అడవే.

ఒకప్పుడు బొగ్గు కాల్చి నగరానికి అమ్ముకొని బతికిన ఊరది. యుద్ధం తర్వాత కలప కోసమని కొండల నిండా సుగి అనే జపాన్ దేవదారు చెట్లు నాటినారు. అవి చేతికొచ్చేలోపల విదేశీ కలప చౌకగా దిగింది, కొట్టుకూలి కూడా గిట్టలేదు. పిల్లలు కొండ దిగిపోయినారు. నగరం దగ్గర్లో ఉండడమే చేటైంది. హిందూపురం పిల్లల్ని బెంగళూరు లాగేసుకోలేదా? అంతెందుకు, 1953 నుంచి 1956 దాకా మీ కర్నూలే రాజధాని, గుడారాల్లో ఆఫీసులు నడిచినాయి. దానివల్ల నల్లమల చెంచు గూడేలకు ఒరిగిందేమిటో మీరే చెప్పండి.

కొట్టకుండా మిగిలిన ఆ సుగి చెట్ల పుప్పొడి ఏటా ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా నగరం మీద పడుతుంది. అప్పుడు మీవాడు ఫోనులో తుమ్ముతుంటే జలుబని మిరియాల కషాయం చెప్పకండి.

ఆ ఊరి కొన్యాకు అనే తిండి తిన్నాడేమో అడగండి. మన కంద జాతి దుంపతో చేస్తారు. కంద దురదను మనం చింతపులుసుతో విరుస్తాం, వాళ్లు తమ దుంప పిండిలో సున్నం కలిపి గట్టిపరుస్తారు. మా చెల్లెలి కూతురు జపాన్ నుంచి ఒక ప్యాకెట్టు తెచ్చింది. బూడిదరంగు జున్నుముక్క మాదిరి పళ్లెంలో వణికింది. రుచీ పచీ లేదు. చింతకాయ తొక్కు అద్దుకుంటే గానీ నాకు గొంతు దిగలేదు.

ఈసారి చలికాలంలో పొమ్మనండి. అక్కడి హొస్సావా జలపాతం నాలుగంచెల్లో 62 మీటర్లు దూకుతుంది, గట్టి చలి పడితే నిలువునా గడ్డకడుతుంది. రైలు ముసాషి ఇత్సుకైచి దాకానే, ఆపైన బస్సు. తిరిగొచ్చే బస్సు టైము ముందే చూసుకొమ్మనండి, కొండల్లో పొద్దు తొందరగా గుంకుతుంది.