అత్తగారి సంగతి తర్వాత, ముందు మీ వదిన సంగతి చూడు

తల్లీ, నువ్వు అడిగిన ప్రశ్నకి ముందు జవాబు చెప్పేస్తాను, అది చిన్న పని. ఇరవై ఒకటో రోజు బాబుని ఉయ్యాలలో వేసినప్పుడు మీ అత్తగారు నలుగురిలో “పిల్లాడు పీలగా ఉన్నాడు, దీని పాలు చాలడం లేదు, డబ్బా పాలు పట్టండి” అన్నారు, అప్పట్నుంచి నీకు నిద్ర లేదు, ఆవిడకి ఏం సమాధానం చెప్పాలి అని అడిగావు. ఏమీ చెప్పక్కర్లేదు. వాడు రోజుకి ఏడెనిమిది సార్లు ఒంటికి పోస్తున్నాడని నువ్వే రాశావు. పుట్టినప్పుడు 2.9 కిలోలు, అయిదో రోజుకి 2.7కి తగ్గాడు, ఉయ్యాల నాటికి 3.2 తూగాడు. పుట్టిన బిడ్డ మొదటి రోజుల్లో కొంత తగ్గడం, రెండు వారాలకల్లా మళ్లీ పుట్టినప్పటి బరువుకి రావడం మామూలే, ఆ తర్వాత రోజుకి 20, 30 గ్రాములు పెరిగితే చాలు. నీ పాలు చాలుతున్నాయి.

మూడో వారంలో పిల్లలు గంటగంటకీ పాలకి వెతుక్కుంటారు, సాయంత్రాలు కారణం లేకుండా ఏడుస్తారు, ఆ ఏడుపు ఆరో వారం దాకా పెరిగి తర్వాత తగ్గుతుంది. అది చూసి డబ్బా మొదలుపెడితే నీ దగ్గర తాగడం తగ్గిస్తాడు, తాగడం తగ్గితే పాలు నిజంగానే తగ్గుతాయి. పసిపిల్లల డబ్బా పాలకి ప్రకటనలు ఇవ్వకూడదని 1992లోనే మన దేశంలో చట్టం చేసింది ఇందుకే. ఆరు నెలలదాకా నీళ్లు, ఆముదం ఏవీ వద్దు, తేనె అయితే ఏడాది నిండేదాకా వద్దు. నువ్వు మాత్రం దాహం వేసినప్పుడల్లా నీళ్లు తాగు, పథ్యమని బాలింతకి నీళ్లు తగ్గించే ఇల్లు మీదైతే ఆ ఒక్క విషయంలో అమ్మకి ఎదురు చెప్పు. 28వ రోజు, 42వ రోజు ఆశా కార్యకర్త ఇంటికి రావాలి, అప్పుడు బరువు తూయించు. వాడు పాలు మానేసినా, జ్వరం 100.4 దాటినా, అరచేతులూ అరికాళ్లూ పచ్చబడినా, లేపినా లేవకుండా మత్తుగా ఉన్నా ఎవర్నీ అడక్కుండా ఆస్పత్రికి తీసుకెళ్లు.

ఇక అసలు సంగతి. ఉత్తరమంతా అత్తగారి గురించే రాసి, చివర్లో ఒక్క వాక్యం పెట్టావు: “వదిన కూడా ముఖం మాడ్చుకుని తిరుగుతోంది, తన పురుడు మా అమ్మే పోసిందన్న విశ్వాసం కూడా లేదు.” అక్కడ నాకు కోపం వచ్చింది.

ఎందుకంటే మిగతా ఉత్తరంలో నీకు తెలియకుండానే చాలా చెప్పావు. మీ అమ్మకి మోకాళ్ల నొప్పులు, కింద కూర్చోలేరు. మరి పీట మీద కూర్చుని, కాళ్లు చాపి, బాబుని కాళ్ల మీద వేసుకుని నీళ్లు పోసేది ఎవరు? వదిన, అదీ స్కూల్లో పాఠాలు చెప్పడానికి బస్సు అందుకునేలోపు. నీకు పథ్యం వంట వేరు, బీరకాయ కూరా, వెల్లుల్లి కారం, మిరియాల చారు. ఇంట్లోవాళ్లకి వేరు. ఒకటో తరగతి చదివే తన కూతురికి బాక్సు వేరు. పొత్తిగుడ్డలు మెషీన్లో వేస్తే మైల అంటుందట అమ్మ, చేత్తోనే ఉతకాలట. ఎవరి చేత్తో అన్నది నువ్వు రాయలేదు. మీ అన్నయ్య మాట ఉత్తరంలో ఒక్కచోటే వచ్చింది, ఉయ్యాల రోజు షామియానా వేయించినప్పుడు.

మీ అమ్మ కోడలికి పురుడు పోశారు, చాలా మంచి పని చేశారు. తల్లి లేని పిల్ల ఇంకెక్కడికి వెళ్తుంది? కానీ ఆ మంచితనాన్ని నువ్వు ఇవాళ బాకీలా వసూలు చేస్తున్నావు, ఆ హక్కు నీకెవరిచ్చారు? తల్లి లేనిదానికి, తల్లి చేతి కాయం తింటూ తల్లి పక్కన పడుకునే ఆడపడుచుని రోజూ చూడటం ఎలా ఉంటుందో ఆలోచించావా? మాడ్చుకున్న ముఖం అన్నావే, నాకు అది నిద్ర లేని ముఖంలా అనిపిస్తోంది తల్లీ. ఇంకోటి కూడా నువ్వే రాశావు. అత్తగారు ఆ మాట అన్నప్పుడు “బాబు బాగానే తాగుతున్నాడు పిన్నిగారూ, రోజూ చూసేదాన్ని కదా” అని అడ్డుపడింది ఒక్క మనిషి. మీ అమ్మ ఊరుకున్నారు, మీ ఆయన ఊరుకున్నారు, మాట్లాడింది వదిన. అత్తగారి మాట ఇన్ని రోజులు మోస్తున్నదానివి, ఈ మాట ఎలా మర్చిపోయావు?

మీ ఆయన ఆదివారం వచ్చి, ఫొటోలు తీసుకుని, సాయంత్రం బస్సుకి వెళ్లిపోతున్నారు. తొలి కాన్పు పుట్టింట్లో అంటే ఖర్చూ చాకిరీ మొత్తం పుట్టింటివాళ్లదే అనే పద్ధతి నాకు ఏనాడూ నచ్చలేదు. వాడు ఆయన బిడ్డ కూడా. పనిమనిషి జీతం ఆయన్ని పంపమను, అడగడానికి సిగ్గుపడకు, అడక్కుండా వదిన చేత చేయించుకోవడానికి సిగ్గుపడాలి. వచ్చిన రోజు గుడ్డలు ఆయనే ఉతకాలి, అల్లుడి చేత ఇదేం పని అని అమ్మ అంటే సర్దిచెప్పుకోవాల్సింది నువ్వే. మిగతా రోజులు మెషీన్లో వేసి, మంచి ఎండలో ఆరేస్తే చాలు. పసివాడికి రోజూ నీళ్లు పోయనక్కర్లేదు, వారానికి రెండు మూడు సార్లు పోసి, మిగతా రోజులు గోరువెచ్చని నీళ్లలో ముంచిన గుడ్డతో తుడవొచ్చు. నీకు మామూలు కాన్పే అయ్యింది, నెల కావస్తోంది, ఆ నీళ్లు పోయడం వదిన దగ్గరే నేర్చుకుని నువ్వే పొయ్యి.

రాత్రిళ్లు ఊరికే ఏడుపొస్తోందన్నావు, దాన్ని తేలిగ్గా తీసుకోను. మొదటి రెండు వారాల్లో చాలామంది బాలింతలకి అలా వచ్చి పోతుంది. నీకు నాలుగో వారం. తగ్గకపోతే నీ కాన్పు చేసిన డాక్టరుకే చెప్పు, లేదా 14416కి ఫోన్ చెయ్యి, అది ప్రభుత్వం నడిపే టెలీ మానస్, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడతారు. ఇంట్లో కూడా చెప్పు. వదినకే ముందు చెప్పు, ఆవిడకి తల్లి లేకుండా ఈ రోజులు గడిచాయి, నీ బాధ అందరికంటే బాగా అర్థమవుతుంది.

ఆవిడకి థాంక్స్ అని ఒక మాట చెప్పి చేతులు దులుపుకోకు. అన్నయ్యని పిలిచి, పొద్దున్న పాప బాక్సు, బస్సు ఎక్కించడం ఇకనుంచి నీ పని అన్నయ్యా అని నువ్వే చెప్పు, వదిన నోటితో అడిగించకు. సాయంత్రం ఆవిడ స్కూలు నుంచి రాగానే కాసేపు పడుకోమను, పాప హోంవర్కు నువ్వు చేయించు, బాబుకి పాలిస్తూ కూడా చేయించొచ్చు.