నిద్ర రాకుండా ఆలోచింపజేసే సినిమాలు

జీవితం, ప్రేమ, అసలెందుకు బతుకుతున్నాం అన్న ప్రశ్న మీద సినిమాలు కావాలి, కానీ ఉపన్యాసంలా ఉంటే అరగంటకే నిద్రొస్తోంది అన్నారు కదండీ. అయితే అకిరా కురొసావా 1952లో తీసిన ‘ఇకిరు’తో మొదలుపెట్టండి. ఆ జపనీస్ మాటకు అర్థం ‘బతకడం’. దాదాపు ముప్పై ఏళ్లు ఫైళ్ల మీద ముద్రలు కొట్టిన ప్రభుత్వ అధికారికి కడుపులో క్యాన్సర్ అని తెలుస్తుంది. మొదట తాగుడు, తిరుగుడు. తర్వాత పిల్లలకో పార్కు కట్టించాలని ఆఫీసుల చుట్టూ తిరుగుతాడు. చివరి భాగంలో తోటి ఉద్యోగులు కూర్చుని అతని గురించి వాదించుకుంటారు. అక్కడే నాకు మనసు కలుక్కుమంది, మన ఆఫీసు కబుర్లు గుర్తొచ్చి! నలుపు తెలుపు కదా అని పక్కన పెట్టకండి.

ప్రేమకి ‘బిఫోర్ సన్‌రైజ్’ (1995). రైల్లో కలిసిన ఇద్దరు వియన్నాలో రాత్రంతా మాట్లాడుకుంటూ నడుస్తారు, అంతే. అదే జంటతో 2004లో, 2013లో ఇంకో రెండు వచ్చాయి. నటులు కూడా నిజంగానే వయసు మీదపడి కనిపిస్తారు. మూడూ ఒకే రోజు చూడొద్దు, మూడోది కాస్త చేదు.

‘ఎటర్నల్ సన్‌షైన్ ఆఫ్ ద స్పాట్‌లెస్ మైండ్’ (2004) మాత్రం అలసిపోయిన రాత్రి పెట్టుకోకండి, కథ ముందుకీ వెనక్కీ తిరుగుతుంది.